రోట్లో దొరికిన దోమలు: ఒక ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 22

దోమల్ని పెంచడానికి గది దొరికింది. దాన్ని గది అనడం మర్యాదకే. డిపార్ట్‌మెంటు పాత స్టోరు రూము అది. జవాబు పత్రాల కట్టలు, కాలు విరిగిన స్టూళ్లు, మూత సరిగా పట్టని ఫార్మలిన్ సీసాలో రంగు వెలిసిన పాము. అన్నీ బయటికి చేర్చి రెండు వారాలు కిటికీలు బార్లా తెరిచి పెట్టాం. మన ముక్కుకు వాసన పోయినా దోమకు పోయినట్టు కాదని గైడు సార్ పట్టు. ఆ తర్వాత తెల్ల సున్నం కొట్టించాం. గోడ తెల్లగా ఉంటే తప్పించుకున్న దోమ నల్ల చుక్కలా దొరికిపోతుంది.

మొదటి తలుపు దాటితే రెండడుగుల నడవా. అది మూసుకున్నాకే రెండో తలుపు తీయాలి. నడవాలో మేకుకు దోమల బ్యాటు వేలాడుతూ ఉంటుంది. లోపల దోమల్ని సాకుతూ గుమ్మంలో బ్యాటు పెట్టుకున్నామని చూసినవాళ్లంతా నవ్వుతున్నారు.

ర్యాకులకు కడప బండలు వేయించాం. చల్లగా ఉంటాయి, తడి తగిలితే ప్లైవుడ్‌లా ఉబ్బవు. బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టాం, చీమలు ఎక్కకుండా. నీళ్ల మీద నాలుగు చుక్కల నూనె కూడా వేయాలి. లేకపోతే ఆ గిన్నెల్లోనే ఇంకో సంసారం మొదలవుతుంది.

ఏం చేయబోతున్నామో ఒకసారి రాసి పెట్టుకుంటాను. మా దోమ ఈడిస్ ఈజిప్టై. డెంగీని, చికున్‌గున్యాను మోసే పగటి దోమ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే అనంతపురంలో డెంగీ ఎక్కడిదని బయటి ఊళ్లవాళ్లు అడుగుతుంటారు. వాన తక్కువ కాబట్టే. కుళాయి వచ్చిన రోజు డ్రమ్ము, తొట్టి, గోళెం, బిందె అన్నీ నిండాల్సిందే, మళ్లీ వచ్చేదాకా అవి అలా నిలవుండాల్సిందే. ఈ దోమకు చెరువులూ గుంతలూ అక్కర్లేదు. నీడలో ఒక డ్రమ్ము చాలు.

తొట్లలో వేసే మందు టెమిఫాస్, లీటరు నీటికి ఒక మిల్లీగ్రాము లెక్కన. "మందు ఏసినా పురుగులు అట్లనే ఉండాయి" అని ఏ వీధికి వెళ్లినా వినిపిస్తుంది. పురుగు మందుకు తట్టుకుంటోందా, లేక జనం మందు నీళ్లను మరునాడే పారబోసి కొత్తవి పట్టుకుంటున్నారా? మొదటిదాని సంగతి ల్యాబులోనే తేలాలి. దానికి ఒకే వయసు, ఒకే తిండి తిన్న లార్వాలు, అంటే దోమగా మారకముందు నీళ్లలో ఉండే పురుగులు, వందల్లో కావాలి. తొట్టిలోంచి ముంచుకొచ్చినవి పనికిరావు. కొన్ని నిన్న పుట్టినవి, కొన్ని రేపు ప్యూపా (దోమగా మారే ముందరి దశ) అయ్యేవి, కొన్ని ఇప్పటికే మందు తగిలి సోలిపోతున్నవి. అందుకని వీధి దోమను తెచ్చి, దాని పిల్లల్ని మా దగ్గర పుట్టించి, పరీక్ష ఆ పిల్లల మీద చేయాలి.

మే 5

గదిలో మధ్యాహ్నం 36 డిగ్రీలు, గాలిలో తేమ 19 శాతం. కావాల్సింది 27 డిగ్రీలు, 70 నుంచి 80 శాతం. ఏసీ వేస్తే వేడి దిగింది కానీ తేమ ఇంకా పడిపోయింది. ఏసీకి తోడు పాత కూలర్ ఒకటి పెట్టాం, నాలుగు గోనె సంచులు తడిపి గోడకు వేలాడదీశాం. 68 దాకా వచ్చింది. కూలర్ మీద నాకు కృతజ్ఞత పొంగింది. 

పంజరాలు ఇనుప చువ్వలవి, ఒక్కో వైపు ముప్పై సెంటీమీటర్లు, చుట్టూ మస్లిన్ గుడ్డ. చెయ్యి పెట్టడానికి ముందు వైపు చొక్కా చెయ్యి లాంటి గొట్టం కుట్టాలి. పాతూరులో దర్జీకి కొలతలు ఇస్తే ఆయన గుడ్డను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏ బిడ్డకు మ్మా ఈ చొక్కా, ఒకటే చెయ్యి?"

మే 14

మొదటి సేకరణ. పాతూరులో పదకొండు ఇళ్లు తిరిగితే నాలుగు ఇళ్లలో దొరికాయి: రెండు డ్రమ్ములు, ఒక కూలర్ తొట్టి, ఫ్రిజ్ వెనక నీళ్లు కారే ప్లాస్టిక్ పళ్లెం. ఆ పళ్లెం సంగతి ఆ ఇంటివాళ్లకే తెలియదు. ఫ్రిజ్‌ను ముందుకు జరిపి చూపిస్తే ఆ ఇంటావిడ నోట మాట రాలేదు, నా మీద కోపం మాత్రం వచ్చింది.

నీళ్లలో తలకిందులుగా వేలాడుతూ తోక దగ్గరి గొట్టంతో గాలి పీల్చేవి ఈడిస్, క్యూలెక్స్ రెండూ. ఈడిస్ గొట్టం పొట్టిది, లావుది. నీటి పైపొరకు సమాంతరంగా పడుకుంటే అనాఫిలిస్, అది మలేరియా దోమ, దానికి గొట్టమే ఉండదు. ఇంతవరకు కంటితో తేలుతుంది. ఈజిప్టైనా, దాని దాయాది ఆల్బోపిక్టసా అన్నది మైక్రోస్కోపు కింద చూడాలి. ఎనిమిదో ఖండం పక్కన దువ్వెన పళ్లలా ఒక వరస పొలుసులు ఉంటాయి. ఆల్బోపిక్టస్‌లో ఒక్కో పొలుసు ఉత్త ముల్లు. ఈజిప్టైలో మధ్య ముల్లుకు రెండు పక్కలా ఇంకో ముల్లు, అచ్చం త్రిశూలమే. మా ల్యాబ్ అన్నకు చూపించాను. కంటిని లెన్సుకు ఆనించి చాలాసేపు చూశాడు. "శివుని ఆయుధం దీని కడుపు పక్కన పెట్టినాడు చూడు మ్మా దేవుడు" అన్నాడు. ఆ రోజు నుంచి మా రిజిస్టరులో ఈజిప్టైకి గుర్తు త్రిశూలం బొమ్మే.

మే 27

పెద్ద దోమలు లేచాయి. మగవి ముందు, ఒకటి రెండు రోజుల తేడాతో ఆడవి. మగదాని మీసాలు కుచ్చులా ఉంటాయి, ఆడదానివి పలుచగా. వీపు మీద తెల్ల గీతలు రెండు కొడవళ్లను ఎదురెదురుగా పెట్టినట్టు ఉంటాయి. పది శాతం చక్కెర నీళ్లలో ముంచిన దూది పెట్టాం. మగదానికి జీవితాంతం అదే తిండి. ఆడదానికీ బతకడానికి అది చాలు, గుడ్లు పెట్టాలంటేనే రక్తం కావాలి.

తెల్లారి వచ్చి చూస్తే పంజరాల అడుగున అన్నీ వెల్లకిలా పడున్నాయి. రెండు పంజరాలు, దాదాపు అన్నీ. తేమ సరిగానే ఉంది, వేడీ సరిగానే ఉంది. మధ్యాహ్నానికి గాని తెలియలేదు. కిటికీ పైన వెంటిలేటరు కింద రాత్రి వాచ్‌మన్ తాత మంచం వేసుకుని దోమల చుట్ట వెలిగించుకున్నాడు. ఆయన్ని ఏమనగలం? "తాతా, ఇకమీదట దోమతెర కట్టుకో" అని తెర కొనిచ్చాం. ప్రాజెక్టు ఖర్చుల్లో దాన్ని ఏ పద్దు కింద రాయాలో ఇంకా తేలలేదు.

జూన్ 13

మృగశిర వాన ఒకటి బాగా పడింది. రుద్రంపేటలో ఒక అవ్వ ఇంటి పెరడు. వేపచెట్టు కింద నేలలో పాతిన రోలు. మిక్సీ వచ్చాక దాన్ని ఎవరూ ముట్టలేదు. రోట్లో వాన నీళ్లు, నీళ్లలో వేపాకులు, ఆకుల మధ్య 86 లార్వాలు, అన్నీ త్రిశూలాలే.

"ఏం పాపా, ఈ పురుగులు ఎత్తకపోయి ఏం జేసుకుంటావు?"

"సాకుతాను అవ్వా."

"థూ. మనుషులకే గతి లేకుంటే దోమల్ని సాకతాండావా? దానికి జీతం గూడా ఇస్తారా?"

ఇస్తారని చెప్పాను, ఎప్పుడిస్తారో చెప్పలేదు. రోలు నీళ్లన్నీ తోడి, లోపలి గోడను కొబ్బరి పీచుతో గీకి, గీకింది కూడా డబ్బాలో వేసుకున్నాను. నీటి అంచుకు కొంచెం పైన రాతికి అంటుకుని గుడ్లు ఉంటాయి. నీళ్లు పారబోస్తే పోయేవి కావు. ఎండిన రోట్లో నెలల తరబడి అలాగే ఉండి, మళ్లీ వాన పడగానే పగులుతాయి. శుక్రవారం డ్రై డే అని తొట్లు బోర్లిస్తాం కదా, గీకకుండా ఉత్తగా బోర్లిస్తే పని సగమే అయినట్టు. అవ్వకు అదే చెప్పాను. ఆమె వినిందో లేదో తెలియలేదు, నా చెప్పుల వైపు చూస్తోంది. గడపలో వేసుకుని నిలబడ్డాను.

జూన్ 22

రుద్రంపేటలోనే ఇంకో ఇంట్లో, బర్రెల పాక పక్క తొట్టిలోంచి తెచ్చిన ట్రేలో సోమవారం 140 లెక్కపెట్టాను. బుధవారానికి 95. శుక్రవారానికి 60 చిల్లర. చచ్చినవి తేలాలి కదా, తేలలేదు. లెక్క నాదే తప్పేమో అనుకున్నాను. ఇద్దరం కూర్చుని గంటన్నర చూస్తే అసలు దొంగలు బయటపడ్డారు: మిగతావాటికన్నా లావుగా, కదలకుండా కాచుకుని ఉన్న ఐదు లార్వాలు. లుట్జియా. ఇది కూడా దోమే, కానీ దీని లార్వాలు పక్క దోమల లార్వాలను తిని పెరుగుతాయి. ఒకటి మా కళ్ల ముందే ఈడిస్ లార్వాను నడుముకు పట్టుకుని, పాము కప్పను మింగినట్టు తీరిగ్గా లోపలికి లాక్కుంది.

ఇకమీదట ట్రేలో పోసే ముందు ఒక్కో లార్వాను తెల్ల పింగాణీ పళ్లెంలో వేసి చూడాల్సిందే.

ఆ ఐదింటినీ వేరే గ్లాసులో పెట్టుకున్నాను. ప్రాజెక్టుకు సంబంధం లేదు. ఊరికే.

జూలై 4

రక్తం సంగతి. ఈ నాలుగు రోజులూ దీనికే పోయాయి కాబట్టి వివరంగా రాస్తాను.

తెల్లవారి ఐదున్నరకు మటన్ అంగడి. పొట్టేలు రక్తం పట్టుకుని, అక్కడే కర్రతో గిలక్కొట్టాలి. పీచు దారాల్లా కర్రకు చుట్టుకుంటుంది, అది తీసేస్తే రక్తం ఇక గడ్డ కట్టదు. అంగడి భాయ్ రెండు రోజులు చూసి మూడో రోజు ఉండబట్టలేక అడిగాడు. "గడ్డ కట్టకుంటే వేపుడు ఎట్ల ఐతాది మేడం?" దోమలకని చెప్పాను. నమ్మలేదు. ఇంట్లో వంట రాదనుకున్నట్టున్నాడు.

గాజు గిన్నె లాంటిది ఒకటి, దానికి రెండు పొరలు. బయటి పొరలో వేడి నీళ్లు తిరుగుతాయి, లోపల రక్తం, అడుగున సాగదీసిన పారాఫిల్మ్ అనే మైనపు పొర. దాన్ని పంజరం మీద పెడితే దోమ ఆ పల్చటి పొరను చర్మమనుకుని పొడవాలి. నీళ్లు తిప్పడానికి కొన్న పంపు పాడైతే కూలర్ పంపు పెట్టాం. బాగానే తిప్పుతోంది.

ముందురోజు సాయంత్రమే చక్కెర దూది తీసేశాం. పంజరంలో 150 ఆడ దోమలు. గంట గడిచాక ఎర్రటి పొట్టతో ఉన్నవి పదకొండు. పదకొండే! అదే గంటలో, పంజరం పట్టుకున్న నా చేతికి వల అవతలి వైపు నలభై దాకా చేరి గ్లవ్‌ను పొడుస్తున్నాయి. వండి వడ్డించింది వద్దు, వడ్డించే చెయ్యి కావాలి వాటికి.

మర్నాడు సాయంత్రం ఐదింటికి మళ్లీ పెట్టాం, అది వీటి వేళ. పదిహేను తాగాయి. మూడో రోజు పారాఫిల్మ్‌ను ల్యాబ్ అన్న మెడలోని తువ్వాలుకు రుద్దాం. మే నుంచి ఆ తువ్వాలు తాగిన చెమటకు లెక్క లేదు. ముప్పై. పంజరం దగ్గర నిలబడి ఊపిరి వదిలితే ఇంకో నాలుగైదు లేచి వచ్చాయి. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడే వాటికి పిలుపు. అయినా ముప్పై అయిదు దాటలేదు.

అసలు లోపం నాలుగో రోజు దొరికింది. నీళ్ల తొట్టిలో థర్మామీటరు 37 చూపిస్తోంది, అక్కడితో సరిపెట్టుకున్నాం. పారాఫిల్మ్ దగ్గర పెట్టి చూస్తే 32! గొట్టాల్లో వచ్చేలోపు ఐదు డిగ్రీలు జారిపోతున్నాయి. చచ్చిన పశువు రక్తం లాంటిది పెట్టి తినమంటే ఎట్లా తింటాయి? గొట్టాలకు దూది చుట్టి, తొట్టిని 41కి పెంచాం. ఆ సాయంత్రం 94.

జూలై 5

రాత్రంతా ఆ పదకొండు గురించే ఆలోచన.

మొదటి రోజు ఆ పదకొండింటితోనే సరిపెట్టుకుని, వాటి గుడ్లతోనే ముందుకు పోయి ఉంటే ఏమయ్యేది? వాటి పిల్లల్లోనూ గాజు గిన్నెలోని రక్తం తాగేవే మిగిలేవి, వాటి పిల్లల్లో ఇంకా. పది తరాలు తిరిగేసరికి నా పంజరంలో మహా బుద్ధిమంతులైన దోమలు ఉండేవి: చల్లారిన రక్తమైనా తాగుతాయి, ట్యూబ్‌లైటు కింద జతకడతాయి, పెట్టమన్న చోట గుడ్లు పెడతాయి. పని ఎంత సులువు! కానీ వాటి మీద టెమిఫాస్ పరీక్ష చేస్తే తేలేది నా పంజరం గురించి, పాతూరు గురించి కాదు. పైగా మందు వాసనే లేని గదిలో తరాలు గడిస్తే మందును తట్టుకునే గుణం కూడా పలుచబడిపోవచ్చు. తాగనని మొండికేసిన 139 కూడా అనంతపురం దోమలే. బహుశా అసలైనవి అవే.

గైడు సార్‌తో మాట్లాడి గోడ మీద రాసి పెట్టాం. ఒక వీధి దోమలు తక్కువలో తక్కువ పది చోట్ల నుంచి రావాలి. మొదటిసారి తాగనివాటికి ఇంకో మూడు అవకాశాలు ఇవ్వాలి. పరీక్ష మొదటి తరం మీద, కుదరకపోతే రెండో తరం మీద. మూడో తరం వచ్చిందంటే ఫ్రీజర్‌కే. మళ్లీ వీధిలోకి పోయి కొత్తవి తెచ్చుకోవాలి. "అంటే ఈ పని ఎప్పటికీ తెమలదు" అన్నాడు ల్యాబ్ అన్న. అవును, తెమలదు.

జూలై 9

గుడ్లు! నల్ల ప్లాస్టిక్ గిన్నెలో సగం నీళ్లు, చుట్టూ ఫిల్టర్ పేపరు. రక్తం తాగిన నాలుగో రోజు కాగితం మీద, తడి అంచుకు కొంచెం పైన, ఆవాల్లో సగం కూడా లేని గుడ్లు. పెట్టిన వెంటనే తెల్లగా ఉంటాయి. చూస్తుండగానే బూడిద రంగుకు తిరిగి, రెండు గంటల్లో కాటుకలా నల్లబడతాయి. ఈ రంగు మారడం చూడటానికి ఇద్దరు ఎమ్మెస్సీ పిల్లలు మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టారు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

జూలై 11

నా తెలివి తెల్లారింది. ఈ గుడ్లు ఎండకు తట్టుకుంటాయన్న ధీమాతో నిన్న పొద్దున్నే కాగితాలు తీసి ఫ్యాను కింద ఆరేశాను. ఇవాళ మైక్రోస్కోపు కింద చూస్తే అన్నీ సొట్టలు పోయి, గాలి తీసిన బంతుల్లా ఉన్నాయి. లోపల పిల్ల పూర్తిగా తయారు కావడానికి రెండు మూడు రోజులు తడి కావాలి. ఆ తర్వాతే ఎండను తట్టుకునే శక్తి. పచ్చి ఇటుకను కాల్చకుండా గోడ కట్టినట్టయింది నా పని. దాదాపు రెండు వేల గుడ్లు పోయాయి, అన్నిటికన్నా ఆ 94 కోసం పడ్డ పాటు పోయింది.

కొత్త పద్ధతి: కాగితం కింద తడి దూది, మూత ఉన్న డబ్బా, మూడు రోజులు. తర్వాత మూత కొంచెం తీసి నిదానంగా ఆరనివ్వడం. ఆపైన జిప్ కవరు, కవరు మీద వీధి పేరు, ఇల్లు గుర్తు, తేదీ, తరం.

జూలై 29

రెండో విడత గుడ్లు బాగున్నాయి. పొదగడానికి నీళ్లు కాచి చల్లార్చి, సీసా నిండా పోసి మూత పెట్టాలి. కాస్తే నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, గుడ్డుకు అదే సైగ. బయట రోట్లో అయితే ఆకులు కుళ్లి, సూక్ష్మజీవులు పెరిగి ఆక్సిజన్ తినేస్తాయి. అంటే తిండి తయారుగా ఉందని అర్థం.

ఒక గుడ్డును లెన్సు కింద పెట్టుకుని కూర్చున్నాను. ఇరవై నిమిషాలు ఏమీ లేదు. తర్వాత ఒక కొనకు కొంచెం కింద సన్నటి గీత. లోపలి పిల్ల తల మీద ఒక చిన్న పన్ను ఉంటుంది, దాంతో పెంకును లోపలి నుంచి కోస్తుంది. గీత వెడల్పయింది, కొన టోపీలా ఊడింది, తల బయటికి వచ్చింది. ఒళ్లు ఇంకా లోపలే ఉంది. రెండు విదిలింపులు, అంతే, ఈదుకుంటూ పోయింది. గుడ్డు పెంకు, పక్కన దాని టోపీ మిగిలాయి.

కానీ ఒకేసారి అన్నీ రాలేదు. 400 గుడ్లలో మొదటి నానుడుకు పగిలినవి 230 చిల్లర. కాగితం ఆరబెట్టి వారానికి మళ్లీ నానబెడితే ఇంకో 70. మూడోసారి 20. మొదట నాకు చిరాకేసింది, లార్వాలన్నీ ఒకే వయసువి కావాలి కదా. ల్యాబ్ అన్నకు మాత్రం ఇందులో వింతేమీ కనిపించలేదు. వాళ్లకు శింగనమల దగ్గర నాలుగెకరాల వేరుశనగ. "మొదటి పదునుకే ఉన్న ఇత్తనమంతా ఏస్తామా మ్మా? మల్ల వాన రాకుంటే? కొంచెం అట్టిపెట్టుకుంటాం" అన్నాడు. సరిగ్గా అదే. ఒక్క వాన చూసి గుడ్లన్నీ పగిలితే, రోలు నాలుగు రోజుల్లో ఎండితే, సంతానమంతా పోతుంది.

మళ్లీ నా పాత భయమే ముందుకొచ్చింది. తొందరపడి పగిలినవాటినే తీసుకుంటే అదీ ఏరివేతే. మూడు విడతల పిల్లల్నీ విడివిడి ట్రేల్లో పెంచుతున్నాం. ట్రేకు 250 మించకుండా, కుక్క బిస్కెట్టు పొడి, ఈస్టు మూడుకు రెండు పాళ్లలో కలిపి చిటికెడు. ఎక్కువైతే నీళ్ల మీద తెట్టు కట్టి ఊపిరాడక చస్తాయి. ప్రేమ కొద్దీ ఎక్కువ వేసి మొదటి నెలలో నేను చంపినవే ఎక్కువ.

ఆగస్టు 10

వారం నుంచి నడవాలో దోమలు. రోజుకు మూడు నాలుగు. త్రిశూలం వాళ్లే, అంటే మావే. పంజరాలన్నీ బల్బు ముందు పెట్టి చిల్లుల కోసం వెతికాం. దర్జీ కుట్టిన చేతులన్నీ తిరగేశాం. ఏమీ లేదు. నిద్ర పట్టలేదు. ఇవి మా పంజరంలోంచి వీధిలోకి పోతున్నాయంటే ప్రాజెక్టు ఆపేయాల్సిందే.

ఇవాళ ల్యాబ్ అన్న కూలర్ నీళ్లు మార్చబోయి కేకేశాడు. కూలర్ తొట్టి నిండా లార్వాలు. గడ్డి తెరలకు గుడ్లు. బయటి నుంచి ఎప్పుడో ఒకటి వచ్చి పెట్టిపోయింది. పాతూరులో ఫ్రిజ్ వెనక పళ్లెం చూపించి ఆ ఇంటావిడకు తెలివి చెప్పి వచ్చిన మనిషిని నేను. నా సొంత గదిలో కూలర్ తొట్టి మూడు నెలలు తీసి చూడలేదు!

కూలర్ దోమలు లోపలి ట్రేల్లో గుడ్లు పెట్టి ఉండవని నమ్మకం ఏమిటి? ఆ వారంలో మూత జరిగిన రెండు ట్రేలు ఉన్నాయి, రెండూ సాయినగర్‌వి. మరుగుతున్న నీళ్లు పోసి పారేశాను. ల్యాబ్ అన్న "ఏం కాదులే మ్మా" అన్నాడు. ఎక్కడి దోమో తెలియనిదానికి వీధి పేరు లేబులు అంటించలేను. కూలర్‌ను ఇప్పుడు ప్రతి శుక్రవారం ఎండబెట్టి గీకుతున్నాం.

ఆగస్టు 20

ప్రపంచ దోమల దినం. 1897లో ఇదే రోజు సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది. పాఠంలో అంతవరకే ఉంటుంది. నాకు ఇప్పుడు ఆసక్తి దాని ముందు భాగం మీద: ఆయన దోమలు కూడా లార్వాల నుంచి సీసాల్లో పెంచినవే. వాటిని హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి మీద వదిలారు, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చెల్లించి.

పిల్లలకు ఈ కథ చెప్తే ఒకడు అడిగాడు, "మేడం, మనం కూడా చెయ్యి పెడితే రక్తం గోల ఉండదు కదా?" పెట్టకూడదు. డెంగీ క్రిమి ఒక్కోసారి తల్లి దోమ నుంచి గుడ్డులోకే దిగుతుంది. తరచుగా కాదు, అరుదుగానే. కానీ వీధి నుంచి తెచ్చిన లార్వా పెరిగి, ఎవరినీ కుట్టకముందే క్రిమితో ఉండే వీలుంది. అందుకే మా గదిలో పొడుగు చేతుల కోటు, గ్లవ్స్, దోమను పట్టడానికి నోటితో పీల్చే గొట్టం బదులు బ్యాటరీది. బయటికి వచ్చే ప్రతి చుక్క నీరూ మరిగాకే తూములోకి పోతుంది. హుసేన్ ఖాన్‌కు ఇవేమీ లేవు.

సెప్టెంబరు 8

మొదటి అసలు పరీక్ష. మూడో దశ చివర, నాలుగో దశ మొదట్లో ఉన్న లార్వాలు, కప్పుకు 25. ఒక్కో మోతాదుకు నాలుగు కప్పులు. మందు స్పిరిటులో కలిపి పోస్తాం, కాబట్టి మందు లేకుండా ఉత్త స్పిరిటు పోసిన కప్పులు కూడా నాలుగు ఉండాలి. 24 గంటలు ఆగి లెక్క.

ఉత్త స్పిరిటు కప్పుల్లో వందకు 27 చచ్చాయి. ఇరవై దాటితే పరీక్ష మొత్తం చెత్తబుట్టకే. మందు కప్పుల లెక్క చూడను కూడా చూడలేదు. చూస్తే మనసు దాని చుట్టూ కథ అల్లుకుంటుంది.

ఎక్కడ తప్పింది? స్పిరిటు పాళ్లు సరే, నీళ్లు సరే. కప్పును వెలుగుకు పట్టి వంచితే అడుగున సన్నటి నురగ. కప్పులు తళతళలాడాలని ఎవరో సబ్బు పొడితో తోమి పెట్టారు. లార్వా నీటి పైపొరను పట్టుకుని వేలాడుతుంది. సబ్బు ఆ పొరను సడలిస్తుంది, పట్టు జారి మునిగిపోతుంది. ఎవరు తోమారని నేను అడగలేదు. రెండు రోజులుగా ల్యాబ్ అన్న నా కళ్లలోకి చూడటం లేదు, అది చాలు.

కప్పులన్నీ వేడి నీళ్లతో ఆరుసార్లు కడిగాం.

సెప్టెంబరు 13

పాతూరు లార్వాలతో మళ్లీ. ఉత్త స్పిరిటు కప్పుల్లో వందకు 3. పరీక్ష నిలబడింది. మందు లెక్కలు రిజిస్టరులోకి పోయాయి. మిగతా వీధులవి కూడా, ఒక్కోటి మూడుసార్లు తిరిగాకే వాటి గురించి నోరు తెరుస్తాను.

సెప్టెంబరు 21

రుద్రంపేట వంతు. కొత్త లార్వాల కోసం పొద్దున్నే అవ్వ ఇంటికి పోయాను, ఈసారి చెప్పులు బయటే విడిచి. వారం రోజులుగా వానలు బాగా పడ్డాయి, రోలు నిండి ఉంటుందని డబ్బాలు నాలుగు తీసుకెళ్లాను.

రోట్లో ఎర్రమన్ను. మన్ను అంచుదాకా దట్టించి, పైన పుదీనా నాటింది. వేళ్లు కూడా పట్టినాయి.

"నువ్వే కదా పాపా చెప్తివి, నీళ్లు పారబోసినా గుడ్లు పోవు అని. నాకు దినామూ గీకేకి చేతులు యాడ ఉండాయి? మన్నేస్తే గుడ్లు గిడ్లు అన్నీ దాని కిందనే." గుప్పెడు పుదీనా తుంచి నా డబ్బాలోనే వేసింది.

ఆమె చేసింది అక్షరాలా సరైన పని. ల్యాబుకు వచ్చి డబ్బా తెరిచి చూసుకున్నాను. "రుద్రంపేట, రోలు" అని రాసిన జిప్ కవర్లు ఇక మూడే. ఒక్కో దాంట్లో రెండు వందల గుడ్లు ఉంటాయేమో. రేపటి నుంచి ఆ వీధిలో ఇంకో తొమ్మిది ఇళ్లు వెతకాలి.

పుదీనా ల్యాబ్ అన్న ఇంటికి తీసుకుపోయాడు.